‘రిపోర్టులన్నీ నార్మల్!’ – మరి పిల్లలెందుకు పుట్టలేదు?

పెళ్ళయి నాలుగేళ్ళయింది. మూడేళ్ళుగా పిల్లల కోసం ఎదురు చూస్తున్నారు. ఆమెకు నెలసరి తేదీ తప్పకుండా వస్తుంది. అండం విడుదలవుతోందని స్కానింగ్ చెప్పింది. అండవాహికలు తెరిచే ఉన్నాయని ఎక్స్‌రే చెప్పింది. ఆయన వీర్య పరీక్షలో కణాల సంఖ్య, కదలిక, ఆకారం అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. డాక్టరమ్మ కాగితాలన్నీ ఒకసారి తిరగేసి, “అన్నీ నార్మల్‌గానే ఉన్నాయండీ” అంది. మరొకరికైతే ఇది శుభవార్త. ఈ దంపతులకు మాత్రం ఆ మాటతో కాళ్ళకింద నేల జారినట్టవుతుంది. జబ్బుకు పేరుంటే మందు అడగవచ్చు. జబ్బే లేదంటే ఏమని అడగాలి?

డాక్టరు ఖాళీగా వదిలిన ఆ గడిని నింపడానికి ఇంట్లో బోలెడుమంది ఉంటారు. అత్తగారు నాగదోషం అంటుంది. పక్కింటావిడ బొప్పాయి తిన్నావేమో అంటుంది. కాస్త చదువుకున్న బంధువు “ఎక్కువ ఆలోచించకమ్మా, మనసు నిమ్మళంగా ఉంటే అదే నిలుస్తుంది” అంటాడు. సలహాలన్నీ చుట్టూ తిరిగి ఆమె మీదికే వస్తాయి. ఆయన్ని బొప్పాయి గురించి ఎవరూ అడగరు.

మీరు ఆ ఇద్దరిలో ఒకరు కావచ్చు. లేదా వాళ్ళకు అన్నో, అక్కో, స్నేహితులో కావచ్చు. వైద్యులు ‘కారణం తెలియని సంతానలేమి’ అని పిలిచే ఈ స్థితి అరుదేమీ కాదు. పరీక్షలకు వచ్చే జంటల్లో నూటికి 15 నుంచి 30 వరకూ చివరికి ఈ పేరు కిందనే మిగులుతారు. అయితే ఇది ఒక జబ్బు పేరు కాదు. ఆనాటికి చేతిలో ఉన్న పరీక్షలన్నీ అయిపోయాక మిగిలిన వాళ్ళను కూర్చోబెట్టే గది పేరు. ఆ గదికి ఒక చరిత్ర ఉంది. ఒక్కో కాలంలో ఒక్కో తలుపు తెరుచుకుని కొందరు బయటికి నడిచారు. ఒకటి రెండు తలుపులు గోడమీద గీసిన బొమ్మలని కూడా తర్వాత తేలింది.

రావిచెట్టు లెక్క

రావిచెట్టుకు ప్రదక్షిణం చేస్తూ అడుగడుక్కీ కడుపు తడిమి చూసుకున్నట్టు అని మన సామెత. తొందరపాటును వెక్కిరించే ఈ సామెతలో కొంత గణితం కూడా ఉంది. ఏ లోపమూ లేని యౌవన దంపతులకైనా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నూటికి 20, 25కు మించదు. మనిషి జాతి ఈ విషయంలో కుందేళ్ళలా చురుకైనది కాదు. నెలకు 20 శాతం చొప్పున 100 జంటలకు లెక్క వేయండి. మొదటి నెల తర్వాత 80 మంది మిగులుతారు. రెండో నెల తర్వాత 64. ఇలా ఏడాది గడిచేసరికి దాదాపు ఏడు జంటలు మిగిలే ఉంటాయి. వాళ్ళలో ఏ లోపమూ లేదని మనమే ముందు అనుకున్నాం గదా! పాచికలు పన్నెండుసార్లు వేసినా పడలేదు, అంతే.

నెలకు ఐదు శాతమే అవకాశం ఉన్న జంటలు వందుంటే ఏడాది తర్వాత కూడా 54 జంటలు మిగులుతాయి. ఏడాది చూసినా పిల్లలు కలగకపోతే సంతానలేమి అని వైద్యులు పెట్టుకున్న హద్దు దాటి వచ్చేవాళ్ళలో ఈ ఇద్దరూ ఉంటారు: కేవలం పాచిక పడనివాళ్ళు, నిజంగా ఎక్కడో చిన్న అడ్డంకి ఉన్నవాళ్ళు. ఎవరు ఎవరో చెప్పే పరీక్ష నేటికీ లేదు. ఇది గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఏ రోజుల్లో?

సంతానం ఎలా కలుగుతుందో తెలియనంతకాలం ఎందుకు కలగలేదో తెలిసే వీలు లేదు. డచ్చి దేశంలోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ 1677లో తన సూక్ష్మదర్శిని కింద ఈదులాడే శుక్రకణాలను చూశాడు. వాటికి సరిజోడైన స్తన్యజీవుల అండాన్ని కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఒక కుక్కలో కనిపెట్టేసరికి 1827 వచ్చింది. మధ్యలో 150 ఏళ్ళు! ఆ రెండూ ఒకటి కావడాన్ని సముద్రపు అర్చిన్ అనే ముళ్ళ జీవిలో ఆస్కార్ హెర్ట్‌విగ్ స్పష్టంగా చూసింది 1870 దశకం మధ్యలో. అంటే మన తాతలకు తాతల కాలంలో ఏ దేశంలోనూ ఏ వైద్యుడికీ గర్భధారణ అసలు కథ తెలియదు.

తెలియకపోయినా వైద్యం మాత్రం ఆగలేదు. అమెరికాలో జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే శస్త్రవైద్యుడు 1866లో అచ్చువేసిన పుస్తకంలో, భర్త వీర్యాన్ని పిచికారీతో గర్భాశయంలోకి పంపిన 55 ప్రయత్నాల సంగతి రాశాడు. ఒక్క గర్భం వచ్చింది, అదీ నిలవలేదు. ఆయన ఎంచుకున్న రోజులు నెలసరికి కాస్త ముందూ, కాస్త వెనకా. ఆడ జంతువులు ఎదకు వచ్చినపుడు కనిపించే రక్తానికీ స్త్రీల నెలసరికీ పోలిక పెట్టి, అవే ఫలించే రోజులని అప్పటి వైద్యులు నమ్మేవారు. నిజానికి అవి అన్నింటికన్నా తక్కువ అవకాశం ఉన్న రోజులు. ఈ సిమ్స్ అంతకుముందు తన శస్త్రచికిత్సలను బానిస స్త్రీల మీద మత్తు లేకుండా చేసి నేర్చుకున్నవాడు. ఆయన పేరు చెప్పినప్పుడు అదీ చెప్పాలి.

ఆ తప్పు లెక్కను సరిదిద్దినవాడు జపానులోని నిగాటాలో పనిచేసిన క్యుసాకు ఓగినో. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు అని ఆయన 1924లో ప్రకటించాడు. ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ క్నౌస్ కూడా విడిగా దాదాపు ఇదే మాట చెప్పాడు. డాక్టరు సలహాను తు.చ. తప్పకుండా పాటించడం వల్లనే పిల్లలు కలగని జంటలు అంతకుముందు ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు గనక?

గాలీ, గసగసాల నూనే

అండవాహికలు మూసుకుపోతే అండం, శుక్రకణం కలుసుకోలేవు. ఆ సంగతి 19వ శతాబ్దం చివరికే తెలుసు. కానీ మూసుకుపోయాయని తెలుసుకోవాలంటే పొట్ట కోసి చూడాల్సిందే. న్యూయార్కు వైద్యుడు ఐసిడోర్ రూబిన్ 1919లో ఒక సులువు కనిపెట్టాడు. గర్భాశయం ముఖం నుంచి లోపలికి వాయువు పంపి, పీడనాన్ని గమనిస్తాడు. నాళాలు తెరిచి ఉంటే వాయువు వాటిగుండా పొట్టలోకి పోతుంది, పీడనం పడిపోతుంది. ఆమె లేచి కూర్చోగానే ఆ వాయువు పైకి తేలి ఉదరవితానాన్ని తాకుతుంది, భుజంలో నొప్పి పుడుతుంది. భుజం నొప్పి పుట్టిందంటే నాళం తెరిచి ఉన్నట్టు! మూసుకుపోతే పీడనం పెరుగుతూనే ఉంటుంది, భుజం నొప్పి ఉండదు. కత్తి పెట్టకుండా స్త్రీ శరీరం లోపలి సంగతి చెప్పిన ఈ పరీక్ష దశాబ్దాలపాటు ప్రపంచమంతా వాడుకలో ఉంది.

వాయువు కంటికి కనిపించదు. ఎక్స్‌రేలో కనిపించే ద్రవం కావాలి. పారిస్‌లో మార్సెల్ గెర్బే అనే ఔషధ శాస్త్రజ్ఞుడు 1901లో గసగసాల నూనెకు అయొడిన్ కలిపి ఒక మందు తయారుచేశాడు. దాని పేరు లిపియొడాల్. అయొడిన్ ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది కనుక ఈ నూనె ఎక్కడుంటే ఫిల్ము మీద ఆ చోటు తెల్లగా పడుతుంది. 1920 దశకంలో దీన్ని గర్భాశయంలోకి ఎక్కించి ఫోటోలు తీయడం మొదలైంది. మన వంటింట్లో కూరకు చిక్కదనం ఇచ్చే గసగసాలు ఇలా ఎక్స్‌రే గదికి చేరాయి.

అసలు విశేషం తర్వాతిది. పరీక్ష చేయించుకుని వెళ్ళిన స్త్రీలలో కొందరు, ఏ చికిత్సా లేకుండానే, రెండు మూడు నెలల్లో గర్భంతో తిరిగి రావడం వైద్యులు గమనించారు. పరీక్షే చికిత్స అయిందా, లేక మనం పైన చూసిన పాచికల లెక్క ప్రకారం ఎలాగూ వచ్చేదే వచ్చిందా? దశాబ్దాలపాటు ఇది డాక్టర్ల క్యాంటీను కబురుగానే ఉండిపోయింది. ఈలోగా నీటిలో కరిగే ద్రవాలు వచ్చాయి. వాటితో బొమ్మలు స్పష్టంగా వచ్చేవి, పని త్వరగా అయిపోయేది. నూనె మూలపడింది.

చివరికి నెదర్లాండ్స్ వైద్యులు ఈ కబురును పరీక్షకు పెట్టారు. 1119 మంది స్త్రీలను చీటీలు వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నూనెతో, రెండో జట్టుకు నీటి ద్రవంతో నాళాల పరీక్ష చేశారు. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలల్లో గర్భం నిలిచినవాళ్ళు నూనె జట్టులో 39.7 శాతం, నీటి జట్టులో 29.1 శాతం. అంటే నూటికి పదిమంది తేడా. నూనె నాళాల్లోని జిగురు ముక్కలను కడిగేస్తుందా, గర్భాశయపు పొరలో ఏదైనా మార్పు తెస్తుందా అన్నది ఇంకా తేలలేదు. అందులోని అయొడిన్ థైరాయిడ్‌ను కదిలించవచ్చు, అరుదుగా నూనె రక్తనాళాల్లోకి పోవచ్చు కనుక ఇది ఇంటి వైద్యం కాదు. కానీ ఒక్కమాట గమనించండి. ఆ పదిమంది రిపోర్టులు కూడా ‘నార్మల్’ అనే వచ్చి ఉండేవి. వాళ్ళకు ఏదో అడ్డు ఉంది, నూనె ఏదో చేసింది. అదేమిటో చూపే పరీక్ష మన దగ్గర లేదు, అంతే.

నేరం మనసు మీద

కారణం దొరకనప్పుడు వైద్యశాస్త్రం కూడా ఒక్కోసారి పక్కింటావిడలా ప్రవర్తిస్తుంది. 1940, 50 దశకాల్లో అమెరికాలో మనోవిశ్లేషణ బాగా చలామణిలో ఉంది. హెలెన్ డాయిచ్, థెరీస్ బెనెడెక్ వంటి మనోవైద్యులు సంతానలేమికి మూలాలు స్త్రీ మనసులో వెతికారు. ఆమెకు తల్లి కావడమంటే లోలోపల భయమట, స్త్రీత్వాన్ని ఆమె అంగీకరించలేదట. తన శరీరాన్ని పరీక్షకు పెట్టి అలసిపోయిన మనిషికి ఇక మనసును కూడా బోనులో నిలబెట్టాల్సి వచ్చింది. విచారం సంతానలేమి వల్ల వచ్చిందా, సంతానలేమి విచారం వల్ల వచ్చిందా అని తేల్చడానికి ఆ రోజుల్లో సరైన పరిశీలనలు చేసినవాళ్ళు తక్కువ.

దీని తోబుట్టువే ‘ఎవరినైనా పెంచుకోండి, వెంటనే మీకూ పుడతారు’ అన్న మాట. అలా పుట్టిన ఒక జంట కథ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. పెంచుకున్నా పుట్టని పదిమంది కథ ఎవరూ చెప్పుకోరు. 1970 దశకంలో దీన్ని లెక్కకట్టి చూశారు. పెంచుకున్నవాళ్ళకూ పెంచుకోనివాళ్ళకూ గర్భం వచ్చే అవకాశంలో తేడా కనబడలేదు. బిడ్డను పెంచుకోవాలనుకుంటే బిడ్డ కోసం పెంచుకోవాలి. మందుగా కాదు.

ఇక మగవారి సంగతి. సంతానలేమి జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు లోపం పూర్తిగానో కొంతో ఉంటుంది. వీర్య పరీక్ష చౌక, నొప్పి లేనిది, ఒక పూటలో అయిపోయేది. అయినా మన ఇళ్ళలో ఆమెకు స్కానింగులు, ఎక్స్‌రేలు, లాపరోస్కోపీ అన్నీ అయ్యాకగానీ ఆయన సీసా పట్టుకోడు. ఒక్కోసారి అప్పటికే రెండో పెళ్ళి మాట కూడా వచ్చి ఉంటుంది. ఆ పరీక్ష కూడా కణాలను లెక్కపెట్టగలదు గానీ అండాన్ని చేరాక అవి ఏం చేస్తాయో చెప్పలేదు.

లాపరోస్కోపీ అన్నాను గదా. బొడ్డు దగ్గర చిన్న గాటుతో దుర్భిణి లాంటి గొట్టాన్ని పంపి చూసే ఈ పద్ధతి 1960ల తర్వాత వ్యాపించి, ఖాళీ గదిలోంచి చాలామందిని బయటికి తెచ్చింది. గర్భాశయపు పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అప్పటివరకూ ఎందరిలో దాగి ఉందో అప్పుడు తెలిసింది. మన దేశంలో మరొకటి కూడా కలుపుకోవాలి. ఊపిరితిత్తుల్లో ఏ లక్షణమూ లేకుండా గర్భాశయంలోనూ నాళాల్లోనూ నక్కి ఉండే క్షయ. పడమటి దేశాల పుస్తకాల్లో దీనికి ఒక పేరా ఇస్తారు. మన వైద్యులు మాత్రం దీన్ని మరిచిపోతే రోగి నష్టపోతుంది.

సన్యాసినుల కానుక

అండాశయాలను కదిలించే హార్మోనులు మెదడు కింది పీయూష గ్రంథిలో పుడతాయి. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో అండాశయం స్పందించదు కనుక పీయూష గ్రంథి మరింత ఎక్కువ హార్మోనును పంపుతూనే ఉంటుంది. అది మూత్రంలో బయటికి పోతుంది. ఇటలీలో పియెరో డోనీని అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1940ల చివర ఆ మూత్రం నుంచి హార్మోనును శుద్ధి చేశాడు. తర్వాత ఇజ్రాయెల్ వైద్యుడు బ్రూనో లూనెన్‌ఫెల్డ్ దాన్ని మనుషులకు వాడాలనుకుంటే మరో చిక్కు వచ్చిపడింది. అన్ని లీటర్ల మూత్రం, అదీ వయసు మళ్ళిన స్త్రీలది, ఎక్కడ దొరుకుతుంది? ఇటలీలోని క్రైస్తవ మఠాల్లో దొరికింది. జీవితమంతా బ్రహ్మచర్యంలో గడిపిన వృద్ధ సన్యాసినులు రోజూ నింపి ఇచ్చిన పాత్రల నుంచి మందు తయారైంది. 1962లో ఆ మందుతో మొదటి శిశువు ఇజ్రాయెల్‌లో పుట్టింది. 1967లో అమెరికాలో క్లోమిఫీన్ మాత్రకు అనుమతి వచ్చింది. అండం విడుదల కానివాళ్ళకు ఈ రెండూ గొప్ప వరాలు. కారణం తెలియనివాళ్ళకు కూడా వీటినే రాయడం మొదలైంది. పనిచేస్తాయా లేదా అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

ఓల్డ్‌హామ్, కలకత్తా

ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ ఓల్డ్‌హామ్ అనే మిల్లుల పట్నంలో చేసిన పని మీకు తెలిసే ఉంటుంది. 1971లో ప్రభుత్వ పరిశోధన మండలి డబ్బు ఇవ్వనంది. 1978 జూలై 25న లూయీ బ్రౌన్ పుట్టింది. వార్తల్లో పెద్దగా రాని లెక్క ఒకటుంది. ఆ దశాబ్దంలో ఓల్డ్‌హామ్ ప్రయోగాలకు ఒప్పుకున్న స్త్రీలు 282 మంది. వాళ్ళందరిలో బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళింది ఇద్దరే. మిగిలిన 280 మంది పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి ఇచ్చేటప్పటికి స్టెప్టో, పర్డీ ఇద్దరూ చనిపోయి చాలా ఏళ్ళయింది.

లూయీ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో ఒక పాప పుట్టింది. దుర్గాపూజ రోజులు కనుక పత్రికల్లో దుర్గ అన్నారు. తల్లికి నాళాలు పనిచేయవు. వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ. శరీరధర్మ శాస్త్రంలో కలకత్తాలో ఒక డాక్టరేటు, ఎడింబరోలో మరొకటి చేసినవాడు. శీతలీకరణ తెలిసిన సునీత్ ముఖర్జీ, స్త్రీవైద్య నిపుణుడు సరోజ్‌కాంతి భట్టాచార్య ఆయనకు తోడు. ఓల్డ్‌హామ్ పద్ధతికీ దీనికీ పోలికే లేదు. అక్కడ సహజంగా ఆ నెల పండే ఒక్క అండాన్ని లాపరోస్కోపుతో తీశారు. ఇక్కడ మూత్రం నుంచి తీసిన ఆ హార్మోనుతోనే ఎక్కువ అండాలు పండించి, యోని మార్గం నుంచి తీసి, ఫలదీకరించిన పిండాలను గడ్డకట్టించి దాచి, మరో నెలలో గర్భాశయం సిద్ధమయ్యాక ప్రవేశపెట్టారు. హార్మోనుతో అండాలను పెంచడం, యోని మార్గం, పిండాలను శీతలీకరించడం: ఇవాళ మీరు ఏ ఐ.వి.ఎఫ్. కేంద్రానికి వెళ్ళినా చేసేది ఇదే. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని ప్రపంచం ఒప్పుకున్నది 1984లో, ఆస్ట్రేలియాలో.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆయన చెప్పింది నిజమా కాదా అని తేల్చడానికి ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు రేడియో ఫిజిక్స్ ఆచార్యుడు. నమ్మదగినది కాదని కమిటీ తేల్చింది. జపానులో జరిగే సదస్సుకు వెళ్ళడానికి ఆయనకు అనుమతి రాలేదు. సాక్ష్యంగా బిడ్డను చూపించాలంటే, లోకం వెలివేస్తుందన్న భయంతో తల్లిదండ్రులు బయటికి రాలేదు. ఆ భయాన్ని ఆయన గౌరవించాడు. 1981 జూన్‌లో ఆయన్ని కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోనుల శాస్త్రజ్ఞుడికి కళ్ళ ఆస్పత్రి! ఆ నెల 19న, 50 ఏళ్ళ వయసులో, ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. తపన్ సిన్హా 1990లో తీసిన ‘ఏక్ డాక్టర్ కీ మౌత్’ సినిమాకు ప్రేరణ ఈ కథే.

1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో డాక్టర్ ఇందిరా హిందుజా, శాస్త్రజ్ఞుడు టి.సి. ఆనంద్‌కుమార్ కృషితో పుట్టిన బిడ్డ ‘దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ’గా రికార్డులకెక్కింది. పదేళ్ళ తర్వాత ఆనంద్‌కుమార్ చేతికి ముఖోపాధ్యాయ రాసుకున్న కాగితాలు వచ్చాయి. చదివాడు. 1997 ఏప్రిల్‌లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో, తొలి ఘనత తనది కాదు, ఆయనది అని రాశాడు. తన కిరీటాన్ని తనే తీసి మరొకరి తలమీద పెట్టిన శాస్త్రజ్ఞులు మన చరిత్రలో ఎందరున్నారు? దుర్గ పెద్దదై, 25వ పుట్టినరోజు నాడు తానెవరో లోకానికి తానే చెప్పింది.

మీ ముందున్న దారులు

ఐ.వి.ఎఫ్. మొదట మూసుకుపోయిన నాళాల కోసం పుట్టింది. కారణం తెలియనివాళ్ళకు వాడడం మొదలుపెట్టాక అదే ఒక పరీక్షగా మారింది. రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్న జంటల్లో కొందరి అండాలనూ శుక్రకణాలనూ ఒకే గిన్నెలో ఉంచినా కలవలేదు. మరికొందరిలో పిండాలు రెండో మూడో రోజున పెరగడం మానేశాయి. శరీరం లోపల ఇన్నేళ్ళూ ఏం జరుగుతోందో మొదటిసారి కంటికి కనబడింది. 1992లో బ్రస్సెల్స్ నుంచి వచ్చిన ఇక్సి పద్ధతిలో ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకే దింపుతారు. మగవారి లోపాలకు అది పెద్ద మేలు. వీర్యం బాగానే ఉన్నవాళ్ళకు దానివల్ల అదనపు లాభం రుజువు కాలేదు. బిల్లులో మాత్రం అదనంగా చేరుతుంది.

అందరూ ఒకేసారి ఐ.వి.ఎఫ్.కు పరుగెత్తాలా? స్కాట్లండులో 580 జంటల మీద జరిపిన ప్రయోగం 2008లో వచ్చింది. అందరివీ కారణం తెలియని లేదా స్వల్ప లోపాల కేసులే. ఆరు నెలలు ఏ చికిత్సా లేకుండా ఉన్నవాళ్ళలో 17 శాతానికి బిడ్డ పుట్టింది. క్లోమిఫీన్ మాత్రలు వాడినవాళ్ళలో 14 శాతానికి. వీర్యాన్ని శుద్ధి చేసి గర్భాశయంలోకి పంపే ఐ.యు.ఐ. చేసినవాళ్ళలో 23 శాతానికి. ఈ తేడాలు యాదృచ్ఛికం కావని చెప్పలేం. మాత్రలు ఉత్త చేతుల కన్నా ఏమీ మెరుగు కాదు. విచిత్రమేమిటంటే, ఊరికే వేచి ఉన్నవాళ్ళ కన్నా మందులు వాడినవాళ్ళే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. ఏదో ఒకటి చేస్తున్నామన్న భావన అంత బలమైనది. అది మీలోనూ ఉంటుంది. దానిమీద వ్యాపారం చేసేవాళ్ళు ఊరూరా బోర్డులు పెట్టారు.

2018లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఫలితం వేరేలా ఉంది. అక్కడ ఎంచుకున్న 201 మంది చాలాకాలంగా ఎదురు చూస్తూ, సహజంగా గర్భం వచ్చే అవకాశం తక్కువని లెక్కతేలిన స్త్రీలు. మూడు నెలలు అండాలను పెంచే మాత్రలతో కలిపి ఐ.యు.ఐ. చేస్తే 31 శాతానికి బిడ్డ పుట్టింది. ఊరికే ఉన్నవాళ్ళలో 9 శాతానికి. రెండు ప్రయోగాలూ కొట్టుకున్నట్టు కనిపిస్తాయి గానీ మన పాచికల లెక్కను గుర్తు చేసుకోండి. మొదటిదానిలో పాచిక పడనివాళ్ళు ఎక్కువ, రెండోదానిలో నిజంగా అడ్డంకి ఉన్నవాళ్ళు ఎక్కువ. కాబట్టి డాక్టరు గదిలో మీరు మొదట అడగవలసింది ‘ఏ చికిత్స మంచిది?’ అని కాదు. ‘మా వయసుకు, మేం చూసిన ఇన్నేళ్ళకు, ఏమీ చేయకపోతే ఏడాదిలో అవకాశం ఎంత?’ అని. ఆమెకు 27 ఏళ్ళయి, ఏడాదిన్నరే అయితే మరో ఆరు నెలలు ఆగడం చికిత్సే. 37 అయితే ఆగడం నష్టం. అండాల వయసుతో బేరమాడే మందు ఇంతవరకూ రాలేదు. ఐ.వి.ఎఫ్.లో కూడా 35 లోపు వాళ్ళకు పిండం ప్రవేశపెట్టిన ప్రతిసారీ బిడ్డ పుట్టే అవకాశం మూడోవంతుకు అటూ ఇటూ, 40 దాటితే పదోవంతుకు దగ్గర. ఇవి బ్రిటన్ లెక్కలు. అక్కడ ప్రతి కేంద్రం ఫలితాలు చెప్పి తీరాలి. ‘నూటికి 80 గ్యారంటీ’ అనే బోర్డు కనిపిస్తే, ఏ వయసు వాళ్ళలో, గర్భమా, బిడ్డా అని అడగండి.

అదనపు సేవల గురించి ఒక్కమాట. కలయిక తర్వాత గర్భాశయ ముఖద్రవంలో శుక్రకణాలను చూసే సిమ్స్ కాలపు పరీక్ష వందేళ్ళకు పైగా నడిచింది. దానివల్ల గర్భం వచ్చే అవకాశం పెరగలేదని 1998లో నెదర్లాండ్స్ ప్రయోగం తేల్చింది. గర్భాశయపు పొరను గీకితే పిండం అతుక్కుంటుందని ఎన్నో కేంద్రాలు డబ్బు తీసుకున్నాయి. 2019లో 1364 మందిపై చూస్తే గీకినా గీకకపోయినా 26.1 శాతమే. హార్మోను సూదులకు ప్రమాదాలూ ఉన్నాయి. అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరవచ్చు, కవలలూ త్రికవలలూ పడి నెలలు నిండకుండా పుట్టవచ్చు. 

మన దేశంలో ఈ వైద్యానికి చట్టమంటూ వచ్చింది 2021లో. అంతకుముందు 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ళ స్త్రీ, దాత ఇచ్చిన అండాలతో, కవల ఆడపిల్లలను కన్న సంగతి మీరు చదివే ఉంటారు. ఆమె పెళ్ళయి అప్పటికి అయిదు దశాబ్దాలు దాటింది. ఆ వయసులో ఆ సాహసం ఎందుకని చాలామంది నవ్వారు. అంతకాలం ఆమెను ఊరు ఏ మాటతో పిలిచి ఉంటుందో ఆలోచించినవాళ్ళు తక్కువ. కొత్త చట్టం ప్రకారం స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ళు దాటితే ఈ చికిత్స చేయకూడదు. కేంద్రం రిజిస్టరు అయి ఉండాలి. ఆడా మగా ఎంచుకోవడం నేరం.

ఆ గసగసాల నూనె ప్రయోగంలోని డచ్చి స్త్రీలను ఐదేళ్ళ తర్వాత మళ్ళీ పలకరించారు. నూనె జట్టులో నూటికి 80 మందికి, నీటి జట్టులో 75 మందికి ఈలోగా గర్భం నిలిచింది. కొందరికి ఐ.యు.ఐ.తో, కొందరికి ఐ.వి.ఎఫ్.తో, చాలామందికి ఏ చికిత్సా లేకుండానే. మిగిలిన 20, 25 మందిలో ఎక్కువమందికి ఎందుకు నిలవలేదో వాళ్ళ డాక్టర్లకూ తెలియదు. కాగితాల మీద వాళ్ళ రిపోర్టులు కూడా నార్మలే.